ముగ్గురాయి, రాతినార, ఒక బ్రేకు ప్యాడు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నలభై కిలోమీటర్ల చిల్లర. 40వ నంబరు జాతీయ రహదారి, రెండు పక్కలా చదునైన నల్లరేగడి. ఊళ్ల దగ్గర అడ్డమొచ్చే గేదెల కోసం తప్ప బ్రేకు మీద గట్టిగా కాలు పెట్టే పని ఉండదు. అదే కారును గాజులపల్లె మీదుగా గిద్దలూరు వైపు తిప్పండి. నల్లమల మొదలవుతుంది. మలుపు, దిగుడు, ఎదురుగా లారీ, మళ్లీ మలుపు. ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం ఎక్కి దిగినా ఇదే వరస. ఒకటే కారు, ఒకటే ప్యాడ్లు. దారులే వేరు.

ప్యాడ్లు మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం విడిభాగాల షాపులో మాట ఒకే తీరున మొదలవుతుంది. "కంపెనీవి ఇమ్మంటారా సార్, లోకల్‌వి చాలా? సిరామిక్‌వి కూడా వచ్చినాయి, కొంచెం రేటెక్కువ." రేటు గురించి బేరం జరుగుతుంది, పేరు గురించి వాదన జరుగుతుంది. ఆ బండి ఏ దారిన, ఎంత బరువుతో తిరుగుతుందో షాపాయన అడగడు, మనమూ చెప్పం. నన్నడిగితే మొదట తేల్చుకోవాల్సింది అదే. ఎందుకో తెలియాలంటే కాస్త లెక్క చేయాలి.

బ్రేకు బండిని ఆపుతుందని అంటాం. నిజానికి అది చేసేది వేగాన్ని వేడిగా మార్చడం, అంతే. మనుషులు నిండుగా కూర్చున్న చిన్న కారు బరువు 1,200 కిలోలు అనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో దాని గతిశక్తి దాదాపు 300 కిలోజౌళ్లు. బ్రేకు కొట్టగానే బండి ముందుకు వాలుతుంది కాబట్టి ఇందులో సుమారు 70 శాతం ముందు చక్రాల మీదే పడుతుంది. ముందున్న రెండు డిస్కులూ కలిపి పది కిలోల పోతఇనుము ఉంటుందనుకుంటే, పూర్తిగా ఒక్కసారి ఆపడంతో వాటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల వరకూ పెరుగుతుంది. హైవే మీద ఇదేమంత పెద్ద విషయం కాదు. మళ్లీ బ్రేకు అవసరమయ్యేలోపు గాలికి డిస్కు చల్లారిపోతుంది.

ఇప్పుడు ఘాటు రోడ్డు లెక్క చూడండి. అదే కారు వంద మీటర్ల ఎత్తు దిగితే 1,180 కిలోజౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. అంటే 80 మీద నాలుగుసార్లు పూర్తిగా ఆపినంత. ఇంజిన్ సాయం తీసుకోకుండా, గేరు న్యూట్రల్‌లో వేసి, బ్రేకు మీదే కాలు ఆనించి దిగితే, గాలి పట్టుకుపోయేది పక్కన పెడితే, డిస్కు 180 డిగ్రీలు పెరగాలి. రెండొందల మీటర్లు దిగితే 360. మధ్యలో చల్లారడానికి వ్యవధి లేదు, వేగం తక్కువ కాబట్టి గాలి కూడా సరిగా తగలదు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే అలవాటు మన డ్రైవర్లలో ఇంకా పోలేదు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంధనం సరఫరా దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఐడిల్‌లో తిరగడానికి ఆ కాస్తా తాగుతూనే ఉంటుంది. మిగిలేదేమీ లేదు, పోయేది ప్యాడ్లు.

ఎండల గురించి కూడా ఒక మాట. మే నెలలో నంద్యాల్లో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. "ఈ ఎండలకు బ్రేకులేం నిలుస్తాయి" అనే మాట తరచూ వింటాం. చలికాలం పగటికీ మండువేసవికీ తేడా ఇరవై డిగ్రీల లోపే. ఒక్కసారి గట్టిగా బ్రేకు కొడితే పుట్టే వేడిలో సగం కూడా కాదది. ఎండ బ్యాటరీని తింటుంది, టైర్లను తింటుంది. ప్యాడును తినేవి దిగుడూ బరువూ వేగమూ.

ఈ వేడిని తట్టుకునే పదార్థం కోసం వెతుకులాట కారు పుట్టిన కొత్తల్లోనే, అదీ ఒక దిగుడులోనే మొదలైంది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన భర్త కార్ల్ బెంజ్ చేసిన మూడు చక్రాల బండిలో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి పుట్టింటి ఊరు ఫోర్జ్‌హైమ్‌కు వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసింది. ప్రపంచంలో తొలి సుదూర కారు ప్రయాణం అదే. కొండ దారుల్లో దిగి దిగి బ్రేకు చెక్కలు అరిగిపోతే దారిలో చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి వాటి మీద తోలు కొట్టించింది. బ్రేకు లైనింగుకు అదే ఆరంభమని చెప్పుకుంటారు. తర్వాత 1897లో ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ ఈ ఒక్క వస్తువు కోసమే కంపెనీ పెట్టాడు. ఆయన పేరులోని అక్షరాలను అటూ ఇటూ చేసి, ఇంకొకటి చేర్చగా వచ్చిందే ఫెరోడో అనే బ్రాండు. తోలు, నూలు, వెంట్రుక అన్నీ వేడికి మాడిపోయేవే. మాడనిది ఒకటి దొరికింది. ఆస్బెస్టాస్, మన మాటలో రాతినార.

ఆ రాతినార మనకు దూరదేశపు సరుకేమీ కాదు. ఆళ్లగడ్డ నుంచి ఇదే హైవే మీద మైదుకూరు దాటితే కడప వస్తుంది. ఆ జిల్లాలోనే పులివెందుల, బ్రాహ్మణపల్లె ప్రాంతంలో క్రిసోటైల్ రకం రాతినార గనులుండేవి. అదొక విచిత్రమైన ఖనిజం. చూడ్డానికి రాయి, చేత్తో పీకితే పట్టులా పోగులు పోగులుగా వస్తుంది, నిప్పులో వేస్తే కాలదు. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ప్రపంచమంతటా బ్రేకు లైనింగులకు ఇదే ప్రాణం. చవక, గట్టి, వేడికి చెక్కుచెదరదు. కాకపోతే దాని పోగు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే తిరిగి రాదు. ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత ఆస్బెస్టోసిస్‌గానో, మీసోథీలియోమా అనే క్యాన్సర్‌గానో బయటపడుతుంది. 1986లో మన దేశంలో కొత్త రాతినార గనుల లీజులు ఆపేశారు, 1993లో పాత లీజుల పునరుద్ధరణ కూడా ఆపారు. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్యం వారి జీవించే హక్కులో భాగమని చెప్పింది. పేరున్న కంపెనీల ప్యాడ్ల డబ్బాల మీద ఇప్పుడు ఆస్బెస్టాస్ లేదని రాసి ఉంటుంది. ఊరూపేరూ లేని డబ్బా మీద ఆ మాట కనపడకపోతే, నేను ఆ ప్యాడు కొనను.

రాతినార పోయాక దాని స్థానంలోకి ఏ ఒక్క పదార్థమూ రాలేదు, పది ఇరవై పదార్థాల మిశ్రమం వచ్చింది. ఇవాళ్టి ప్యాడును విడదీసి చూస్తే సగం తెలుగు నేల కనిపిస్తుంది. అందులో ఎక్కువ బరువు తరచుగా ముగ్గురాయిదే, అంటే బెరైటీస్. రైల్వేకోడూరు దగ్గరి మంగంపేటలో ఉన్నది ప్రపంచంలోని అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి. రసాయనికంగా ఇది బేరియం సల్ఫేట్. కడుపు ఎక్స్‌రే తీసే ముందు ఆసుపత్రిలో తాగించే తెల్లటి ద్రవంలో ఉండేదీ ఇదే. నీటిలో కరగదు, మామూలుగా దేనితోనూ కలహించదు, బ్రేకు వేడికి చెడదు. మంగంపేట రాయిలో అత్యధిక భాగం చమురు బావులు తవ్వేవాళ్లకు పోతుంది. బ్రేకు ప్యాడు వాటా చిన్నదే, కానీ ప్యాడులో దాని వాటా పెద్దది. నెల్లూరు వైపు దొరికే అభ్రకం, వెర్మిక్యులైట్ వంటి ఖనిజాలను కూడా ప్యాడ్ల తయారీలో వాడతారు. ఇక పలాసలో జీడిపిక్కలు కాల్చేవాళ్ల చేతులు పొక్కించే తొక్క నూనె ఉంది చూశారూ, దాన్ని గట్టిపరచి పొడి చేసి ప్యాడులో కలుపుతారు. ఆ పొడి బ్రేకు పట్టును మెత్తగా, చప్పుడు లేకుండా ఉంచుతుంది. ఫలానా డబ్బాలో ఫలానా గని రాయి ఉందని ఎవరూ రాయరు. రకం మాత్రం ఇదే.

వీటన్నిటినీ అంటించి ఉంచే జిగురు ఫినాలిక్ రెజిన్. ప్యాడు బలహీనత అంతా దాని దగ్గరే ఉంది. రాయి మాడదు, ఇనుము మాడదు, జిగురు మాడుతుంది. సుమారు 300 డిగ్రీలు దాటాక రెజిన్ విడిపోవడం మొదలై వాయువులు పుడతాయి. డిస్కుకీ ప్యాడుకీ మధ్య పట్టు సడలుతుంది. దీన్నే ఫేడ్ అంటారు. కిందటి పేరాల్లో ఘాటు లెక్కలో వచ్చిన 360 డిగ్రీలను ఒకసారి గుర్తు చేసుకోండి.

మిగతా దినుసులు రెండు వర్గాలు. ఒకటి గరుకు పెట్టేవి: అల్యూమినా, జిర్కాన్ లాంటి గట్టి రేణువులు. రెండోది జారుడు పెట్టేవి: గ్రాఫైట్, కొన్ని లోహపు సల్ఫైడ్లు. ఆళ్లగడ్డ శిల్పి విగ్రహానికి నునుపు పట్టించేటప్పుడు ఏ గరుకు తర్వాత ఏ గరుకు వాడాలో, ఎక్కడ ఆపాలో ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, ప్యాడు తయారుచేసేవాడికీ ఈ పాళ్లే అసలు విద్య. గరుకు ఎక్కువైతే డిస్కు గీతలు పడుతుంది, జారుడు ఎక్కువైతే బండి ఆగదు. బ్రేకు వాడుతున్నకొద్దీ ప్యాడు నుంచి పల్చటి పొర ఒకటి డిస్కు మీదికి ఎక్కుతుంది. ఆ తర్వాత పట్టు చాలావరకు ఆ పొరకూ ప్యాడుకూ మధ్యే. కొత్త ప్యాడ్లు వేసిన మొదటి రోజు బ్రేకు కొంచెం తేలిగ్గా ఉందనిపించేది ఈ పొర ఇంకా సరిగా పట్టకే.

ఆ మిశ్రమం ఎంత పట్టు ఇస్తుందో చెప్పే గుర్తు ఒకటి ఉంది, మనలో చాలామంది చూడనిది. కొత్త ప్యాడును చేతిలోకి తీసుకోండి. ఒకవైపు ఇనుప రేకు, దాని మీద పది మిల్లీమీటర్ల అటూ ఇటూగా బూడిదరంగు దిమ్మ. దిమ్మ మధ్యలో ఒక గాడి, రెండు అంచులూ కాస్త ఏటవాలుగా చెక్కి ఉంటాయి. కొన్నింటికి రేకు చివర చిన్న ఇనుప నాలుక వంచి ఉంటుంది. ప్యాడు అరిగాక అది డిస్కుకు తగిలి కీచుమంటుంది, మార్చమని చెప్పడానికే దాన్ని పెట్టారు. ఇప్పుడు ప్యాడు అంచునో, రేకు వెనకో చూడండి. సిరాతో ముద్రించిన అక్షరాలు, అంకెల వరస. చాలా ప్యాడ్ల మీద ఆ వరస చివర రెండు అక్షరాలుంటాయి: ఎఫ్ఎఫ్, జీఎఫ్, ఈఈ ఇలా.

ఇది అమెరికా ఇంజినీర్ల సంఘం పెట్టిన గుర్తు. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టు, దాదాపు 90 నుంచి 200 డిగ్రీల మధ్య. రెండోది 340 డిగ్రీల దాకా వేడెక్కించినప్పటి పట్టు. ఈ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35 మధ్య. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45. జీ అంటే 0.45 నుంచి 0.55. రోజువారీ కార్లకు కంపెనీ వేసే ప్యాడ్లు ఎక్కువగా ఎఫ్ ప్రాంతంలోనే ఉంటాయి. ఘాటులో తిరిగేవాళ్లు చూడాల్సింది రెండో అక్షరం. మొదటిది ఎఫ్ అయి రెండోది ఈ అయితే, వేడెక్కేకొద్దీ ఆ ప్యాడు నీరసపడుతుందని దాని మీదే రాసి ఉందన్నమాట.

అలాగని జీజీ అయితే మరీ మంచిదని ఎగబడనక్కర్లేదు. కారు తయారుచేసినవాడు ముందు బ్రేకుకూ వెనక బ్రేకుకూ మధ్య ఒక తూకం కట్టి పెట్టాడు. మన చిన్న కార్లలో ముందు డిస్కు, వెనక డ్రమ్ము. ముందు మాత్రమే పట్టు బాగా పెంచేస్తే ఆ తూకం చెడుతుంది, తడి రోడ్డు మీద ముందు చక్రాలు తొందరగా పట్టేస్తాయి. ఏబీఎస్ ఉందిగా అంటారు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి, నిజమే. చక్రం పట్టేయకుండా అది చూస్తుంది, ప్యాడు వేడెక్కకుండా చూసే శక్తి దానికి లేదు. ఐరోపాలో ఆర్ 90 అనే నియమం ఈ తూకం కోసమే పెట్టారు. మార్చి వేసే ప్యాడు అసలు ప్యాడు పనితీరుకు 15 శాతం అటూ ఇటూ మించి తేడా రాకూడదు. ఆ పరీక్ష నెగ్గిన ప్యాడు మీద వృత్తంలో 'ఈ' (E) అనే ఇంగ్లిషు అక్షరం, పక్కన అంకె ఉంటాయి. మన దగ్గర దొరికే కొన్ని బ్రాండ్ల మీదా ఈ గుర్తు కనిపిస్తుంది. నా దృష్టిలో రెండు అక్షరాలకన్నా ఇదే నమ్మదగ్గ గుర్తు. అక్షరాలది ప్రయోగశాలలో చిన్న ముక్క మీద చేసిన పరీక్ష, ఇది మొత్తం ప్యాడు మీద చేసింది. అక్షరాలు అరుగుదల గురించి గానీ, చప్పుడు గురించి గానీ ఏమీ చెప్పవు.

ఇక షాపులో వినిపించే పేర్లు. ఆర్గానిక్ అంటే లోహం తక్కువ, పోగులూ ఖనిజపు పొడులూ ఎక్కువ. చప్పుడుండదు, డిస్కును తినదు, చల్లగా ఉన్నప్పుడే మంచి పట్టు. ఎక్కువ వేడికి మాత్రం ముందుగా అలిసేది ఇదే. మన రోజువారీ కార్లకు ఎక్కువగా ఈ కుటుంబంలోవే వస్తాయి. సెమీ మెటాలిక్‌లో ఉక్కు పీచు, ఇనుప పొడి ఎక్కువ. వేడిలో బాగా నిలుస్తుంది. కానీ తెల్లారి తీసినప్పుడు మొదటి రెండు బ్రేకులూ బండబారినట్టుంటాయి, గరగర వినిపిస్తుంది, డిస్కు తొందరగా అరుగుతుంది. పైగా లోహం వేడిని వెనక్కి మోసి, ప్యాడును డిస్కుకు నొక్కే కాలిపర్‌కీ, దానిలోని బ్రేక్ ఆయిల్‌కీ చేరుస్తుంది. సిరామిక్ అనగానే పింగాణీ అనుకోకండి, రేసు కార్ల కార్బన్ డిస్కులతోనూ దీనికి సంబంధం లేదు. ఇదీ రెజిన్‌తో కట్టిన ప్యాడే, పోగుల్లో కొన్ని సిరామిక్ జాతివి. దాని గొప్పతనం నిశ్శబ్దం, చక్రాలకు నల్లపొడి అంటకపోవడం. బండి తక్కువ దూరంలో ఆగుతుందని దాని మీద రాయలేదు, మనమే ఊహించుకుంటాం. ఒకప్పుడు ఇలాంటి ప్యాడ్లలో రాగి బాగా వాడేవారు. అది వాన నీటిలో కొట్టుకుపోయి సాల్మన్ చేపలకు హాని చేస్తోందని 2010లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం చట్టం చేసి తగ్గించింది.

నా తీర్పు సూటిగా చెబుతాను. నంద్యాల టౌను, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, ఎప్పుడైనా కర్నూలు. ఇదే మీ తిరుగుడైతే కారుతో వచ్చిన రకం ప్యాడ్లే మళ్లీ వేయించండి, ఇంకేమీ ఆలోచించకండి. సిరామిక్‌కి అదనంగా పెట్టే డబ్బు చక్రాల అందానికి పోతుంది, అది ఇష్టమైతే సరే. వారం వారం ఏడుగురిని ఎక్కించుకుని శ్రీశైలమో, అహోబిలమో, గిద్దలూరు మీదుగా ఒంగోలో వెళ్లే ట్యాక్సీ అయితే వేరు. ఆ మోడలు కోసమే చేసిన, పేరున్న కంపెనీ సెమీ మెటాలిక్ లేదా కొద్దిగా లోహం కలిపిన ప్యాడు తీసుకోండి. రెండో అక్షరం మొదటిదానికి తగ్గకూడదు. కాస్త చప్పుడు వస్తే ఓర్చుకోండి.

'కంపెనీవి' అనే మాటలో ఒక తిరకాసుంది. కార్ల కంపెనీలు మామూలుగా ప్యాడ్లు సొంతంగా చేయవు. రానే, సుందరం బ్రేక్ లైనింగ్స్, బ్రేక్స్ ఇండియా లాంటి సంస్థల దగ్గర చేయించుకుంటాయి. ఈ మూడింటి మూలాలూ చెన్నైలోనే. ఇలాంటి సంస్థలు తమ సొంత పేరు మీద కూడా మార్కెట్లో అమ్ముతాయి, ధర తక్కువ. మిశ్రమం అచ్చంగా అదే ఉండకపోవచ్చు గానీ తయారుచేసే చేయి తెలిసినదే. షాపులో ఇలాంటివి అడగడం తప్పేమీ కాదు. అసలు ప్రమాదం డబ్బా మాత్రమే ఒరిజినల్‌లా ఉండే డూప్లికేట్‌తో. రేకు మీద అక్షరాలు చెరిపితే పోయేలా ఉన్నా, దిమ్మకూ రేకుకూ మధ్య సందు కనిపించినా, నాలుగు ప్యాడ్ల రంగు నాలుగు రకాలున్నా తీసుకోకండి. బిల్లు ఇవ్వనంటే అప్పుడే అర్థం చేసుకోవాలి. ఇంకో సంగతి: ఒకే మోడలులో పెట్రోలుకీ డీజిలుకీ, పాతదానికీ కొత్తదానికీ కాలిపర్లు వేరుగా ఉండొచ్చు. ఆర్సీ వెంట తీసుకెళ్లండి, తయారైన సంవత్సరం చెప్పి పార్టు నంబరు తీయించండి.

ఘాటులో బ్రేకు మోసం చేసే తీరు రెండు రకాలు, కాలికే తెలుస్తుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, బలంగా తొక్కుతున్నా బండి జోరు తగ్గదు, ముక్కుకు కాలిన వాసన. అది ప్యాడు అలసట. రెండోది ఇంకా ప్రమాదం. పెడల్ స్పాంజిలా మెత్తబడి కింది దాకా దిగిపోతుంది. అక్కడ మరిగింది బ్రేక్ ఆయిల్. ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, గాలిలోని తేమను పీల్చుకునే గ్లైకాల్ జాతి ద్రవం. డాట్ 3 రకానికి కొత్తలో మరిగే స్థానం కనీసం 205 డిగ్రీలు, తేమ పట్టాక 140. డాట్ 4కి 230, తేమ పట్టాక 155. ద్రవం మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరతాయి. ద్రవాన్ని నొక్కితే నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. మీ కాలి బలమంతా బుడగలను నొక్కడానికే సరిపోతుంది. అందుకే ఎంత ఖరీదైన ప్యాడు వేయించినా, ఐదేళ్ల నాటి బ్రేక్ ఆయిల్‌తో ఘాటు దిగితే ఆ ఖర్చు దండగ. రెండేళ్లకోసారి మార్చడం మేలు. రెండింటిలో ఏది జరిగినా గేరు తగ్గించి, వెడల్పుగా ఉన్న చోట పక్కకు ఆపి, అరగంట చల్లారనివ్వండి. డిస్కు మీద నీళ్లు పోయొద్దు, పోతఇనుము పగులుతుంది.

ఘాటు దిగాక స్టీరింగు వణుకుతోందని, "డిస్కు బెండ్ అయింది సార్, మార్చాల్సిందే" అని షెడ్డులో చెబుతుంటారు. చాలాసార్లు డిస్కు వంగదు. వేడివేడి డిస్కును ప్యాడు ఒకేచోట బిగించి పట్టుకుంటే, పైన చెప్పిన పొర అక్కడ మందంగా అతుక్కుంటుంది. మందం తేడా వచ్చి వణుకు పుడుతుంది. డిస్కుకు తగినంత మందం ఇంకా ఉంటే లేత్ పట్టిస్తే సరిపోతుంది. ఉండాల్సిన కనీస మందం డిస్కు మీదే చెక్కి ఉంటుంది. అంతకన్నా పలచబడితే మాత్రం లేత్ పట్టించొద్దు, మార్చేయండి.

ప్యాడ్లు విప్పించినప్పుడు పాతవి చేతిలోకి తీసుకుని చూడటం మంచి అలవాటు. దిమ్మ 3 మిల్లీమీటర్లకు వస్తే కాలం తీరినట్టే. లోపలి ప్యాడు బాగా అరిగి బయటిది నిండుగా ఉంటే కాలిపర్ జారే పిన్నులు బిగుసుకున్నాయని అర్థం. మా వైపు కేసీ కాలువ కింది నల్లమట్టి బురదా, బేతంచెర్ల వైపు నాపరాళ్ల దుమ్మూ పట్టే బండ్లలో ఇది మామూలే. పిన్నులు శుభ్రం చేసి వాటికి పనికొచ్చే గ్రీజే పెట్టించాలి, చేతికందిన చక్రాల గ్రీజు కాదు. అది రబ్బరును ఉబ్బిస్తుంది. ఎడమ చక్రానికి మాత్రమే మార్చి కుడిదాన్ని వదిలేయడం ఆదా కాదు, బ్రేకు కొట్టినప్పుడు బండి పక్కకు లాగుతుంది. మార్చాక మొదటి రెండు మూడొందల కిలోమీటర్లు మెత్తగా వాడండి. యాభై అరవై వేగం నుంచి నిదానంగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ. పొర సమంగా పట్టేది అప్పుడే. పొద్దున ప్యాడ్లు వేయించుకుని మధ్యాహ్నం కుటుంబంతో నల్లమల దిగడం వద్దు. ప్రయాణానికి వారం ముందే ఆ పని ముగించుకోండి.

చివరగా షెడ్డులో పనిచేసే పిల్లల గురించి. చక్రం విప్పగానే కంప్రెసర్ పైపు తీసుకుని బ్రేకు పొడి మీద గాలి కొట్టడం ప్రతిచోటా చూస్తాం. లేచిన నల్లపొడి మొహాన పడుతుంది, మూతికి కనీసం గుడ్డ కూడా ఉండదు. ఆస్బెస్టాస్ లేని ప్యాడైనా ఆ పొడిలో సన్నటి లోహపు రేణువులుంటాయి. ఆ బండికి ఇంతకుముందు ఎవరు ఏ ప్యాడు వేశారో ఎవరికీ తెలియదు. గాలి కొట్టకుండా తడిపి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయమని మీ మెకానిక్‌ను అడగండి. నీళ్లు లేవంటే మీ కారులోని సీసా ఇవ్వండి.